ఓపిక గురించి రఘుకు

చిరంజీవి రఘుకు తార్నాక నుంచి పెదనాన్న ఆశీస్సులు.

యాభై నిండకుండానే మధ్యాహ్నానికి ఓపిక అయిపోతోందనీ, కణాలకు శక్తినిచ్చి ఆయుష్షు పెంచుతాయని చెప్పి అమ్మే మాత్రలు తెప్పించుకుందామనుకుంటున్నాననీ రాశావు. డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

ముందు రక్తపరీక్ష చేయించుకో. అరవై ఒకటో ఏట నేను ఏడాది పాటు నీరసాన్ని వయసు మీదకు నెట్టి టానిక్కులు తాగాను. తీరా చూస్తే బీ12 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంది. గుడ్డు ముట్టని ఇల్లు మనది, ఆ విటమిన్ మొక్కల ఆహారంలో దాదాపు ఉండదు, పైగా నీలా ఏళ్ల తరబడి చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారిలో అది ఇంకా తగ్గవచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించు.

కణాలు పనికి ఖర్చు చేసే, శక్తిని మోసే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో గుర్తించినవారిలో, హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేసిన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. పాఠం చెప్పినన్నాళ్లూ ఈ సంగతి చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేదు. కండరంలో ఏటీపీ నిల్వ కొన్ని సెకన్ల పనికే సరిపోతుంది కాబట్టి, తిన్న తిండినీ పీల్చిన గాలినీ వాడుకుని, కణాల్లోపల ఉండే మైటోకాండ్రియాలనే చిన్న భాగాలు దాన్ని ఎప్పటికప్పుడు తయారు చేస్తూనే ఉండాలి. కండరానికి క్రమం తప్పకుండా పని పెడితే అవి పెరుగుతాయి, కదలకుండా కూర్చుంటే తగ్గుతాయి. ఆ మాత్రల వల్ల మనుషుల ఆయుష్షు పెరిగినట్లు ఇంతవరకు రుజువు కాలేదు. అందుకే వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడువు. రెండు రోజులు బరువులెత్తు, లేదా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేసి సార్లు లే.

తిండిలో మన లోటు మాంసకృత్తులు. మా వీధులకు దగ్గర్లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలంటుంది, అంటే డెబ్భై కిలోల నీకు 58 గ్రాములు. ముప్ఫై గ్రాముల కందిపప్పులో ఉండేది ఏడు గ్రాములే. కాబట్టి అన్నం సగం తగ్గించి, పలచటి చారుకు బదులు ముద్దపప్పు, పొద్దున పెసరట్టు, సాయంత్రం ఉడికించిన శనగలు, రెండు పూటలా పెరుగు తిను. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించి ఏడు గంటలు నిద్రపో.

పరీక్షల కాగితాలు రాగానే పట్టుకుని ఆదివారం ఉదయం ఆరింటికి ఇక్కడికి రా. ఉస్మానియా చెట్ల కింద కలిసి నడుద్దాం.

నీ పెదనాన్న