మంచు లేని ఊళ్లో మంచు బండి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు: "మా పాప పదో తరగతి. మంచు మీద రికార్డు కొట్టిన స్లెడ్జి వీడియో చూసినప్పటి నుంచి నోటుబుక్కు నిండా అవే బొమ్మలు. అలాంటిది తనే డిజైన్ చేస్తానంటోంది. ఈ పిచ్చి మాన్పించి విశాఖలో ఇంటర్‌లో వేద్దామనుకుంటున్నాం. ఏమంటారు?"

మాన్పించకండి సార్. ఆ రికార్డు గై మార్టిన్ అనే బ్రిటిష్ మోటార్‌సైకిల్ రేసర్ యూరప్‌లోని అండోరా కొండల్లో పెట్టింది. ఇంజను లేని బండి, గంటకు 134 కిలోమీటర్లు. దాని వెనక ఉన్నది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ హాలమ్ యూనివర్సిటీ ఇంజనీర్లు. షెఫీల్డ్‌కు పేరొచ్చింది ఉక్కుతో, మంచుతో కాదు.

బండి అడుగు పట్టీ రాపిడికి మంచు కాస్త కరిగి పల్చటి నీటి పొర ఏర్పడుతుంది, దానిమీదే జారుతుంది. ఆపైన అసలు శత్రువు గాలి. స్పీడ్ రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఇదంతా మెకానికల్ ఇంజనీరింగే.

నాకు టెన్షన్ పెట్టింది మీ విశాఖ ప్లాను. కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలైన ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకి. సొంత రాష్ట్రం అంటే మీ ఇల్లున్న చోటు కాదు, పన్నెండో తరగతి పాసైన చోటు. ఇంటర్ ఆంధ్రాలో చదివితే రూర్కెలా ఎన్‌ఐటీలో ఒడిశా కోటా పోతుంది, బదులుగా తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఆంధ్రా కోటా వస్తుంది. రూర్కెలాలో మెకానికల్‌తో పాటు ఇండస్ట్రియల్ డిజైన్‌లో కూడా బీటెక్ ఉంది. మీ పాపకి అతికినట్టు సరిపోయే కోర్సు. అందుకే ప్లస్ టూ ఒడిశాలోనే చదివించమంటాను. సరిహద్దు ఊళ్ల తెలుగువాళ్లు చాలామంది ఈ సంగతి జేఈఈ ఫారం నింపేటప్పుడు గానీ చూసుకోరు.

ఈలోగా పాపకి ఒక పని చెప్పండి. చెక్కకి పాత బేరింగులు బిగించి బేరింగుల బండి చేయమనండి. ఘాట్ రోడ్డు వద్దు. బళ్లు తిరగని చిన్న వాలు చాలు, హెల్మెట్ తప్పనిసరి, మీరూ పక్కనే ఉండండి. సుద్దతో రెండు గీతలు గీసి, ఒకసారి కూర్చుని, ఒకసారి పడుకుని, ఒక్కోటి పదిసార్లు దిగమనండి. ఫోన్ వీడియోలో సెకన్లు లెక్కపెట్టి ఆ బొమ్మల పక్కనే రాసుకోమనండి. తేడా కొంచెమే రావచ్చు. అంత తక్కువ స్పీడ్‌లో గాలి ఇంకా పెద్ద శత్రువు కాదు మరి. ఆ మాట ముందే చెప్పకండి, తననే కనుక్కోనివ్వండి. తర్వాత ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి.