ఎక్స్‌రే బాగుందంటే గుండె బాగున్నట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాయగడ జిల్లా గుణుపురం. మావారికి 38 ఏళ్లు, ఆటో తోలతారు. నాలుగు రోజుల కిందట కాశీనగర్ రోడ్డులో ఆవు అడ్డొస్తే తప్పించబోయి కల్వర్టు గోడకి గుద్దేశారు. హ్యాండిల్ ఛాతీ మధ్యలో గట్టిగా తగిలింది. ఒక నర్సింగ్ హోమ్‌లో ఎక్స్‌రే తీసి, ఎముకలు బాగానే ఉన్నాయని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసి పంపేశారు. నొప్పి కొంత తగ్గింది గానీ, నిన్నటి నుంచి గుండె మధ్యమధ్యలో తప్పి కొట్టుకుంటోందంటున్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. అత్తయ్యగారు ఆముదం రాసి కాపడం పెడుతున్నారు. గుండెకేమైనా అయ్యుంటుందా? వైజాగ్ తీసుకెళ్లాలా? మళ్లీ ఆటో ఎప్పుడు తోలొచ్చు?

సమాధానం: ముందు ఈ పూటే ఈసీజీ తీయించండమ్మా, మిగతాది తర్వాత చదువుదురు గాని. గుణుపురం సబ్ డివిజనల్ ఆసుపత్రికి వెళితే పది నిమిషాల పని. దెబ్బ తగిలాక గుండె లయ తప్పుతోందని, ఆయాసం వస్తోందని ఎవరన్నా సరే, ఈసీజీ చూడకుండా వాళ్లను గంటల తరబడి రైల్లోనో కారులోనో కూర్చోబెట్టి వైజాగ్ బయల్దేరకూడదు. దారిలో లయ బాగా చెడితే చేతిలో ఏమీ ఉండదు.

ఎక్స్‌రే బాగుందన్న మాటకి ఉన్న విలువ ఎంతో చెబుతాను. అందులో పక్కటెముకలు, ఊపిరితిత్తులు, గుండె బయటి ఆకారం కనిపిస్తాయి. గుండె కండరం కమిలిందో లేదో కనిపించదు. ఇంకో సంగతి, ఛాతీ మధ్యలో ఉండే రొమ్ము ఎముక విరిగినా ఎదురుగా తీసిన ఫిల్ములో చాలాసార్లు దొరకదు, వెనకున్న వెన్నెముక నీడ దాన్ని కప్పేస్తుంది. పక్కకి తిప్పి తీస్తేనే పగులు తెలుస్తుంది. మీ దగ్గరున్న ఫిల్ము ఒక్కటే అయితే పక్క నుంచి ఇంకోటి అడగండి. అలాగని రొమ్ము ఎముక విరిగిన ప్రతివాళ్లకీ గుండె దెబ్బతిందని కాదు, అది విరక్కపోతే గుండె క్షేమమనీ కాదు. రెండూ విడివిడిగా చూడాల్సినవే.

ఆటోలో డ్రైవరు హ్యాండిల్‌కి సరిగ్గా ఎదురుగా కూర్చుంటాడు. బండి ఆగిపోయినా ఒళ్లు ఆగదు, రొమ్ము ఎముక వెళ్లి హ్యాండిల్ మీద పడుతుంది. ఆ ఎముక వెనక, దాదాపు ఆనుకుని, గుండె కుడి కింది గది ఉంటుంది. చర్మం తెగకుండా లోపల తగిలే మొద్దు దెబ్బల్లో ఎక్కువగా కమిలేది అదే. కమిలిన చోట కండరం కొంత వాచి, విద్యుత్తు సరిగా సాగక, మధ్యలో అదనపు కొట్టుకోళ్లు పుడతాయి. మీవారు ‘తప్పి కొట్టుకుంటోంది’ అంటున్నది ఇదే కావచ్చు. నొప్పికీ భయానికీ కూడా గుండె దడదడలాడుతుంది, అందుకే ఊహించుకుంటూ కూర్చోకుండా కాగితం మీద చూడాలి.

ముందుగా చేయించాల్సిన పరీక్షలు రెండు, ఈసీజీ, ట్రోపోనిన్. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీనే ట్రోపోనిన్. ఈసీజీ ముఖ్యంగా ఎడమ గది కండరాన్నే చూపిస్తుంది. పల్చగా ఉండే కుడి గది కమిలితే అందులో తేడా రాకపోవచ్చు. ఆ లోటు తీర్చేది రక్తంలో చూసే ట్రోపోనిన్. దెబ్బ తగిలిన రోజే, కొన్ని గంటలు గడిచాక, ఈ రెండూ బాగుంటే గుండెకి చెప్పుకోదగ్గ దెబ్బ లేదని ధైర్యంగా ఇంటికి పంపొచ్చు. మీకు నాలుగు రోజులైపోయింది. ఇప్పుడు ట్రోపోనిన్ మామూలుగా వచ్చినా, పెరిగి తగ్గిపోయి ఉండొచ్చు. కాబట్టి మీవారి విషయంలో ఆ రెండు కాగితాలతో ఆపకుండా ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, కూడా తీయించాలి. కండరం ఎక్కడైనా మందకొడిగా కదులుతోందా, కవాటం చిరిగి లీకవుతోందా, గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరో రక్తమో చేరిందా అన్నవి అందులో తేలతాయి.

దగ్గర్లో ఎకో దొరకలేదని ఊరుకోవద్దు. గర్భిణులకు స్కాన్ చేసే మామూలు అల్ట్రాసౌండ్ మెషీన్‌తోనే, రొమ్ము ఎముక కింద, పొట్ట పైభాగాన ప్రోబ్ పెట్టి పైకి వంచి చూస్తే గుండె చుట్టూ రక్తం ఉందో లేదో తెలిసిపోతుంది. కవాటాల సంగతి దాంతో తేలదు గానీ, ప్రాణం మీదికి తెచ్చేది ఆ రక్తమే. సంచి గబుక్కున సాగదు, అందుకే 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు రక్తం వేగంగా చేరినా గుండెని నొక్కేసి నిండనివ్వదు. గుర్తులు ఇంట్లోనే చూడొచ్చు. తల కింద రెండు దిండ్లు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టి, దీపం వెలుతురు పక్క నుంచి పడేలా మెడ చూడండి. నరాలు దవడ దాకా ఉబ్బి ఉంటే, చేతులు చల్లబడి చెమటలు పడుతుంటే, నాడి సన్నగా వేగంగా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, కొట్టుకోవడం నిమిషానికి 120 దాటి తగ్గకపోయినా అంతే. నాడిని ముంజేతి దగ్గర పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. లయ తప్పేవాళ్లకి పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది.

ఆసుపత్రిలో నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఒకటుంది, ఛాతీకి హ్యాండిల్ తగిలిందని. ఒడియాలోనూ ఛాతీని ఛాతి అనే అంటారు కాబట్టి భాష అడ్డం రాదు. ఎందుకింతగా చెబుతున్నానంటే, దెబ్బకి గుండె రక్తనాళం లోపలి పొర చిరిగితే ఈసీజీ అచ్చం గుండెపోటులాగే వస్తుంది. దెబ్బ సంగతి తెలియని డ్యూటీ డాక్టరు గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేస్తే, కమిలిన చోట నుంచి రక్తస్రావం ఎక్కువైపోవచ్చు. ఇంట్లో ఎవరో పెద్దవాళ్ల కోసం ఉంచిన గుండెనొప్పి మాత్ర సార్బిట్రేట్ నాలుక కింద పెట్టడం, ఆస్ప్రిన్ మింగించడం కూడా వద్దు. గుండె చుట్టూ రక్తం చేరినప్పుడు సార్బిట్రేట్ బీపీని ఒక్కసారిగా పడేస్తుంది.

ఈసీజీలో తేడా ఉంటే ఆసుపత్రిలో చేర్చి 24 నుంచి 48 గంటలు మానిటర్ మీద ఉంచుతారు. ప్రమాదకరమైన లయలు ఎక్కువగా దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వస్తాయి. మీవారు ఆ గండం దాటినట్టే, కానీ లక్షణాలు కొత్తగా నిన్న మొదలయ్యాయి. అందుకే నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆయాసానికి గుండె ఒక్కటే కారణం కానక్కర్లేదు. ఊపిరితిత్తి కమిలినా, దాని చుట్టూ ఆలస్యంగా గాలో రక్తమో చేరినా ఇలాగే ఉంటుంది, కాబట్టి ఎక్స్‌రే కూడా మళ్లీ తీయాలి.

ఎకోలో కవాటం చిరిగిందనో, రక్తం చేరిందనో, కండరం బాగా బలహీనపడిందనో తేలితే అప్పుడు పెద్దాసుపత్రి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, విశాఖ కేజీహెచ్, రెండూ మీకు అందుబాటే. ఆపరేషన్ అవసరం పడేలా ఉంటే గుండె శస్త్రచికిత్స విభాగం ఉన్న కేజీహెచ్‌కే వెళ్లడం మేలు. ఆక్సిజనూ మానిటరూ ఉన్న అంబులెన్సులో వెళ్లండి. ఈసీజీ కాగితం ఫోటో తీసి ఉంచుకోండి, ఆ కాగితం మీద అక్షరాలు నాళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అత్తయ్యగారి ఆముదం రాస్తే నష్టం లేదు, మర్దన మాత్రం వద్దు. విరిగిన ఎముక ఉంటే అది కదులుతుంది. ఛాతీ చుట్టూ గుడ్డ బిగించి కట్టే అలవాటు మన వైపు ఉంది, అదీ వద్దు. ఊపిరి పైపైనే తీసుకుంటే కఫం లోపలే నిలిచిపోయి న్యుమోనియా వస్తుంది. దిండు ఛాతీకి అదుముకుని దగ్గించండి, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పది లోతైన ఊపిర్లు తీయించండి. నొప్పికి పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు చాలు, అదీ లివర్ జబ్బు, రోజూ తాగే అలవాటు లేకపోతేనే. డైక్లోఫెనాక్ సొంతంగా కొని వాడొద్దు.

ఇక ఆటో మాట. పరీక్షలన్నీ బాగుంటే, ఎముక విరగకపోతే, రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గుతుంది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా, గట్టిగా దగ్గినా నొప్పి రానప్పుడు తోలొచ్చు. ఎముక విరిగి ఉంటే ఆరు వారాలు ఆగాలి. గుండె కమిలిందని తేలితే మాత్రం మళ్లీ ఎకో, ఈసీజీ చూసి డాక్టరు సరేననే దాకా సవారీ ఎక్కించుకోవద్దు. తోలుతూ కళ్లు తిరిగితే వెనక కూర్చున్నవాళ్లకీ ప్రమాదమే. అంతా బాగుందనుకున్నాక రెండు మూడు వారాలకి జ్వరంతో పాటు, పడుకుంటే ఎక్కువై ముందుకు వంగి కూర్చుంటే తగ్గే ఛాతీ నొప్పి వస్తే గుండె సంచి వాచిందేమో చూపించండి. ఆ నొప్పిని గ్యాస్ అనుకుని యాంటాసిడ్ తాగి ఊరుకునేవాళ్లే ఎక్కువ.