ఊరిలో వసంతం, కొండ మీద మంచు

ప్రశ్న: మేము బోస్టన్‌లో ఉంటున్నాము. ఏప్రిల్ మూడవ వారంలో పిల్లలకు బడి సెలవులు కనుక, రెండు కుటుంబాల వాళ్ళం కలిసి వెర్మాంట్ వెళ్ళి కేమెల్స్ హంప్ శిఖరం ఎక్కాలనుకుంటున్నాము. పిల్లలకు 9, 12 ఏళ్ళు. ఇక్కడ మంచు పూర్తిగా కరిగిపోయింది. మామూలు స్పోర్ట్స్ షూ సరిపోతాయా? బురద ఉన్నచోట బాట పక్కన గడ్డి మీదుగా నడవమని ఒక మిత్రుడు చెప్పారు. అది సరైనదేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ శిఖరాన్ని జూన్‌కు వాయిదా వేసుకోండి. కేమెల్స్ హంప్ ఎత్తు 4,083 అడుగులు. దాని మీది బాటలను అక్కడి రాష్ట్ర ప్రభుత్వం వసంతంలో మూసివేసి, మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే సెలవుల నాటికి తెరుస్తుంది. 1910లో ఏర్పడి, 272 మైళ్ళ లాంగ్ ట్రెయిల్ అనే కొండబాటను నేటికీ సంరక్షిస్తున్న గ్రీన్ మౌంటెన్ క్లబ్ కూడా అప్పటివరకు బురద బాటల జోలికి వెళ్ళవద్దనే కోరుతుంది.

కారణం నేలలోనే ఉంది. పైనున్న కొద్దిపాటి మట్టి కరిగినా అడుగున నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది కనుక, కరిగిన నీరు కిందికి ఇంకిపోయే దారిలేక పైమట్టిని ముద్ద చేస్తుంది. నాట్ల కాలంలో నానిన గట్టు మీద పదిమంది నడిస్తే అది ఏమవుతుందో పల్లెలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. మీ మిత్రుని సలహా సదుద్దేశంతో చెప్పినదే అయినా, దానివల్ల జరిగే నష్టం ఎక్కువ. ఒకరు తప్పుకొని నడిచిన చోట మరొకరు ఇంకొంచెం పక్కకు జరుగుతారు. అలా రెండడుగుల బాట కాస్తా పది అడుగుల బురదగుంట అవుతుంది. ఆ శిఖరం మీద సుమారు 10 ఎకరాల్లో మాత్రమే మిగిలిన ఆర్కిటిక్ జాతి మొక్కలు మన పాదాల కింద నలిగితే తిరిగి కోలుకోవడానికి ఏళ్ళు పడతాయి. కాబట్టి కొద్దిపాటి బురదైతే బాట మధ్యలోనుంచే నడవాలి, అడుగులు లోతుగా దిగబడుతుంటే వెనుదిరగాలి.

ఇక మంచు సంగతి. పై అడవిలో స్ప్రూస్ చెట్ల నీడన అది మే నెలలో కూడా నిలిచి ఉంటుంది. శీతాకాలమంతా నడిచినవారి అడుగులకు అణిగిన మంచు అన్నిటికన్నా ఆలస్యంగా కరుగుతుంది కనుక, బాట నడుమ సన్నని మంచుగట్టు ఒకటి మిగులుతుంది. ఉదయం అది గాజులా జారుతుంది. మధ్యాహ్నానికి మెత్తబడి, అడుగు పక్కకు పడితే కాలు తొడదాకా దిగిపోతుంది. అటువంటి చోట స్పోర్ట్స్ షూ పనికిరావు. ఉదయానికి బూట్లకు తొడిగే ఇనుప పళ్ళ మైక్రోస్పైక్స్, మెత్తని మంచుకు కాలు దిగబడకుండా ఆపే వెడల్పాటి స్నోషూలు కావాలి. వాగులు కూడా మధ్యాహ్నానికే పొంగుతాయి: పొద్దున సులువుగా దాటిన వాగు తిరుగుదారిలో పిల్లలను దాటనివ్వకపోవచ్చు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

సెలవులు వృథా కానక్కరలేదు. బర్లింగ్టన్‌లో చాంప్లేన్ సరస్సు ఒడ్డున తారు వేసిన బాట ఉంది. అవతలి ఒడ్డున మంచు కప్పిన అడిరాండాక్ కొండలు కనిపిస్తాయి. అక్కడికి ఆ స్పోర్ట్స్ షూ చాలు.