పీడీఎఫ్ కాకముందే సరిచేసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

ఫారాలూ కరపత్రాలూ అందరూ చదవగలిగేలా చేసే పని నీకు అప్పగించారట. చేయాల్సిందంతా వర్డ్ ఫైలులోనే చెయ్యి. పీడీఎఫ్ అయ్యాక దిద్దడం రెట్టింపు చాకిరీ, పైగా రేపు ఒక్క తేదీ మారినా పని మళ్లీ మొదటికొస్తుంది.

అక్షరాలు పెంచి బోల్డ్ కొడితే కంటికి అది శీర్షికే. స్క్రీన్ రీడర్‌కి, అంటే చూపులేనివాళ్లకి తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అది మామూలు పేరా. ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ‘హెచ్’ నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. హెడింగ్ స్టైల్ లేకపోతే 40 పేజీలూ వరసగా వినాల్సిందే. కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కితే హెడింగ్ 1 పడుతుంది. సైజు నచ్చలేదని 1 నుంచి 3కి దూకకు, స్టైల్‌లోనే సైజు మార్చుకో. కొత్త పేజీ కోసం ఎంటర్ మీద ఎంటర్ కొట్టకు, కంట్రోల్ ఎంటర్ ఉంది.

బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకి బదులు వినిపించే వివరణ రాయి. ‘గ్రాఫ్’ అని రాస్తే రాయనట్టే. ‘జనవరిలో 40 దరఖాస్తులు, జూన్‌లో 95, మధ్యలో మార్చిలో మాత్రం తగ్గాయి’ అని, ఆ బొమ్మ ఎందుకు పెట్టావో అది చెప్పు. అలంకారానికి పెట్టిన వాటికి డెకరేటివ్ టిక్ చాలు. పట్టికల్లో గడులు కలపకు.

లేత బూడిద రంగు అక్షరాల మోజు వదులుకో. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద 777777 కోడ్ ఉన్న బూడిద రంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, 767676 గట్టెక్కుతుంది. ఈ తేడా కంటికి అందదు, కొలిచి చూడాల్సిందే. ‘ఎర్రవి తప్పనిసరి’ అనకు, పక్కనే ‘తప్పనిసరి’ అని రాయి.

తెలుగు యూనికోడ్‌లోనే ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది పైకి ముత్యాల్లా ఉంటుంది, లోపలున్నది అర్థంలేని అక్షరాల పోగు. స్క్రీన్ రీడర్ చదివేది ఆ పోగునే. వర్డ్ రివ్యూ ట్యాబ్‌లో భాషని తెలుగుగా పెట్టడం కూడా మరవకు.

ప్రింట్ టు పీడీఎఫ్ జోలికి పోకు, ఏది శీర్షికో ఏది పేరానో చెప్పే ట్యాగులన్నీ రాలిపోతాయి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్‌కి టిక్ ఉందో లేదో చూడు. తర్వాత పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించు. యూనికోడ్ వాడినా ఒక్కోసారి ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోతాయి. ఎందుకంటే పీడీఎఫ్ దాచుకునేది అక్షరాల ఆకారాలని, అవి మళ్లీ సరైన అక్షరాలుగా మారకపోవచ్చు. అలా జరిగితే పీడీఎఫ్ పక్కనే వర్డ్ ఫైలు కూడా ఇవ్వు.

అచ్చు ప్రతి సంగతి: పెద్దక్షరాల ప్రతి అంటే 18 పాయింట్లు, ఎడమకు సర్దిన వరసలు, మెరవని కాగితం. ఏ4 ప్రతినే ఏ3కి జెరాక్స్‌లో పెంచి ఇవ్వకు, చేతిలో పట్టదు. అక్షరాలు పెంచినప్పుడు నింపాల్సిన ఖాళీలనీ పెంచు.

వర్డ్‌లోని యాక్సెసిబిలిటీ చెకర్ తప్పుల్లేవంటే సంబరపడకు. ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో అది చూస్తుంది, అందులో రాసింది సరైనదో కాదో దానికి తెలియదు. ఎన్వీడీఏ ఉచితమే. మానిటర్ ఆపేసి నీ ఫారం నువ్వే ఒకసారి నింపి చూడు.