లిఫ్ట్ వేయించాక బండి మాట వినడం లేదు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, సొంతూరు అనంతపురం. నా మారుతి జిమ్నీ 2023 మోడల్, 22 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల క్రితం బండిని రెండు అంగుళాలు ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించాను. నాలుగు స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, ముందు యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునే లేటరల్ రాడ్డుని కిందికి దించే బ్రాకెట్ ఒకటి. టైర్లు కూడా 195/80 ఆర్15 తీసేసి 215/75 ఆర్15 వేశాను. సిటీలో ఏ ఇబ్బందీ లేదు. 70 దాటితే మాత్రం పడవలా తేలుతోంది, నేరుగా పోవాలన్నా స్టీరింగ్ అటూ ఇటూ దిద్దుతూనే ఉండాలి. గుంతలో దిగితే దానంతట అదే పక్కకి లాగుతుంది. పోయిన వారం ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద జాయింటు తగలగానే స్టీరింగ్ గడగడా వణికింది, 40కి దిగేదాకా ఆగలేదు. పక్కన మా ఆవిడ, వెనక పిల్లలు. కిట్ వేసినవాళ్ళేమో స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే పోతుందంటున్నారు. అలైన్‌మెంట్ చేయించాను, ఆ కాగితం జత చేశాను. సంక్రాంతికి ఊరెళ్ళాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందుగా ఒక మాట అండీ. ఇదేంటో తేలేదాకా ఆ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కకండి. అనంతపురం రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, పండక్కి బస్సులో వెళ్ళొచ్చినా నష్టం లేదు. ఈలోగా ఎప్పుడైనా మళ్ళీ ఆ వణుకు మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కొద్దు. స్టీరింగ్‌ని స్థిరంగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, వేగం దానంతట అది పడిపోనిచ్చి మెల్లగా ఎడమ పక్కకి తెచ్చుకోండి.

రెండోది, డ్యాంపర్ కొనకండి. డ్యాంపర్ చేసే పని వణుకుని అణచడం, అంతే. వణుకు ఎక్కణ్ణుంచి పుడుతోందో అది అక్కడే ఉంటుంది, ఇంకా అరిగిపోతూ ఉంటుంది. మా ఇంట్లో ఒక పాత జిప్సీ ఉండేది. దానికి ఇదే జబ్బు వస్తే నేనూ ముందు డ్యాంపరే వేయించాను. రెండు నెలలు హాయిగా నడిచింది, మూడో నెల ముందుకంటే గట్టిగా వణికింది. విప్పి చూస్తే, ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఇరుసుగా ఉండే కింగ్‌పిన్ బేరింగులు పొడి పొడి అయిపోయి ఉన్నాయి. ఆ రెండు నెలలూ మా అమ్మని అందులో కూర్చోబెట్టుకుని తిరిగాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే జబ్బు అనుకుంటున్నారు. కావు. తేలడం ఒకటి, గుంతలో పక్కకి లాగడం ఒకటి, గడగడా వణకడం ఒకటి. మూడింటికీ మూల కారణం ఎత్తు పెరగడమే అయినా దేని మరమ్మతు దానిదే.

తేలడం సంగతి మీరు పంపిన కాగితంలోనే ఉంది. టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) దగ్గర పచ్చ రంగు, దాని పైన క్యాస్టర్ దగ్గర రెండు గడులు ఎరుపు. ఎడమ 0.4 డిగ్రీలు, కుడి 0.6. అలైన్‌మెంట్ కుర్రాడు టో సరిచేసి ఇచ్చేసి ఉంటాడు, అతని తప్పేం లేదు, ఈ బండికి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో ఒక్కటే. క్యాస్టర్ అంటే ఏమీ లేదు, సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది కదా, ఆ వాలు సాయంతో చేతులు వదిలేసినా సైకిల్ నేరుగా పోతుంది. కారు ముందు చక్రాలకీ అలాంటి వాలు ఒకటి ఉంటుంది. జిమ్నీలో ముందు యాక్సిల్ ఒకే దిమ్మ, దాన్ని వెనక చాసిస్ నుంచి వచ్చే రెండు ఆర్ములు పట్టుకుని ఉంటాయి. చాసిస్ పైకి లేస్తే ఆ ఆర్ముల ముందు కొస కిందికి వాలుతుంది, దాంతోపాటు యాక్సిల్ మొత్తం ముందుకి దొర్లుతుంది, ఉన్న వాలు కాస్తా పోతుంది. ఒక డిగ్రీ కూడా లేని క్యాస్టర్‌తో 80లో బండి నేరుగా పోవాలంటే ఎలా పోతుంది? స్టీరింగ్ తిప్పాక దానంతట అది మధ్యకి తిరిగి రావడం కూడా తగ్గి ఉంటుంది, చూడండి.

దీనికి మందు ఆర్ముల కొసల్లో కూర్చునే క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు, లేదంటే వాలు సరిచేసి తయారుచేసిన ఆర్ములు. బుష్‌లు చవక. కానీ వాటిలో రంధ్రం మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది, ప్రెస్‌లో ఎక్కించేటప్పుడు ఏ వైపుకి తిప్పి ఎక్కించారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. తిరగేసి ఎక్కిస్తే ఉన్న 0.4 కూడా పోయి మైనస్‌లోకి వెళ్తుంది. కాబట్టి ఎక్కించేముందు ఆర్ము మీద పెయింటుతో ఒక గీత, బుష్ మీద ఒక గీత పెట్టించి, దగ్గరుండి ఫోటో తీసుకోండి. అయ్యాక మళ్ళీ అలైన్‌మెంట్ మిషన్ మీద పెట్టి క్యాస్టర్ అంకె చూసుకోండి. పచ్చ, ఎరుపు కాదు, అంకె చూడండి.

ఇక గుంతలో పక్కకి లాగడం. బండి కింద దూరి చూస్తే ముందు యాక్సిల్‌కి సమాంతరంగా పొడవాటి రాడ్లు కనిపిస్తాయి. చాసిస్ నుంచి యాక్సిల్‌కి పోయేది లేటరల్ రాడ్, స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం దాకా పోయేది డ్రాగ్ లింక్. ఈ రెండూ ఒకే వాలులో ఉండాలి. చక్రం లేచినప్పుడు రెండూ ఒకే వంపులో కదిలితే స్టీరింగ్‌కి ఏమీ తెలియదు. మీకు వేసిన బ్రాకెట్ లేటరల్ రాడ్డుని కిందికి దించి దాదాపు పాత వాలుకి తెచ్చింది, డ్రాగ్ లింక్ మాత్రం లిఫ్ట్ తర్వాత ఎక్కువ వాలుతోనే మిగిలింది. ఇప్పుడు చక్రం గుంతలో దిగిన ప్రతిసారీ ఒకటి ఒక దారిన, ఇంకొకటి ఇంకో దారిన పోతాయి, మీరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. చదునైన నేల మీద బండి నిలబెట్టి, ఫోన్‌లో కోణం చూపే యాప్ పెట్టుకుని, ఒక రాడ్ మీద ఒకసారి, రెండోదాని మీద ఒకసారి ఫోన్ ఆనించండి. రెండు అంకెలకీ బాగా తేడా ఉంటే దొంగ దొరికినట్టే. అప్పుడు బ్రాకెట్ తీసేసి, పొడవు సర్దుకునే లేటరల్ రాడ్ వేసుకోవడం మేలు అని నా అభిప్రాయం. రెండు రాడ్లూ ఒకేలా వాలి ఉంటాయి, పక్కకి జరిగిన యాక్సిల్‌ని పొడవుతో మధ్యకి తెచ్చుకోవచ్చు.

వణుకు విషయానికొస్తే, ఇది అన్నిటికంటే ప్రమాదం, ఇక్కడ మాత్రం తొందరపడి చదవకండి. క్యాస్టర్ తగ్గడం వల్ల బండి వణకడానికి సిద్ధంగా ఉంది, సరే. కానీ ఎక్కడో ఒకచోట వదులు లేకుండా అంత వణకడం అరుదు. ఆ వదులు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు చాలు. బండి చక్రాల మీదే ఉండాలి, జాకీ ఎక్కించకూడదు. ఇంజన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి రాళ్ళు పెట్టి, ఒకరు స్టీరింగ్‌ని గడియారంలో పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య చకచకా తిప్పుతూ ఉండాలి. రెండోవాళ్ళు పక్కనుంచి వంగి టార్చి వేసి ఒక్కో కీలూ చూడాలి, వేళ్ళు దూరం పెట్టే చూడండి. లేటరల్ రాడ్డు రెండు కొసలూ, బ్రాకెట్టూ, ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ ఎండ్లూ, డ్రాగ్ లింకూ, స్టీరింగ్ బాక్సు చాసిస్‌కి బిగించిన బోల్టులూ. బోల్టు కదలకుండా రాడ్ మాత్రమే కదులుతోందా, లేక రెండూ కలిసి బ్రాకెట్‌లో జరుగుతున్నాయా అన్నది కళ్ళకి కనబడుతుంది. నా అనుమానం ఆ బ్రాకెట్ మీదే. బోల్టు తల చుట్టూ పెయింటు పోయి వెండిలా మెరుస్తుంటే, పక్కన ఎర్రటి పొడి గీతలా కారి ఉంటే, అక్కడ లోహం లోహాన్ని రుద్దుతోందని అర్థం. అలా ఉంటే బోల్టు బిగించడంతో సరిపెట్టకండి, విప్పించి రంధ్రం చూడండి, గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగి ఉంటే ఎంత బిగించినా నిలవదు.

అక్కడ ఏమీ లేకపోతే ముందు చక్రం ఒకటి గాల్లోకి లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టాక, పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్ టక్ మంటే చక్రం బేరింగు కావచ్చు, కింగ్‌పిన్ బేరింగు కావచ్చు, ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమంటే తేలిపోతుంది, తొక్కాక కూడా ఊగుతుంటే కింగ్‌పిన్నే. టైరు బ్యాలెన్సింగ్ కూడా చేయించండి. 215 టైరు పాతదానికంటే వ్యాసంలో పది మిల్లీమీటర్లే పెద్దది, సైజుతో ఇబ్బంది లేదు, కానీ బ్యాలెన్స్ తప్పిన బరువు టైరు చాలు వణుకుని లేపడానికి. గాలి డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు.

చాలామంది చేసే ఇంకో తప్పుంది. కిట్ వేసేటప్పుడు బండి ర్యాంపు మీద, చక్రాలు వేలాడుతూ ఉంటాయి. ఆర్ములవీ లేటరల్ రాడ్‌వీ బోల్టులు అక్కడే పానాతో పూర్తిగా బిగించేస్తారు. ఆ బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, వేలాడే స్థితిలో బిగిస్తే బండి కిందికి దిగినప్పటి నుంచీ ఆ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది, రైడ్ గట్టిగా ఉంటుంది, కొన్నాళ్ళకి చిరుగుతుంది. బోల్టులన్నీ ఒకసారి వదులు చేయించి, బండిని నేల మీదకి దించి, నాలుగు మూలలా గట్టిగా నొక్కి వదిలి, అప్పుడు టార్క్ రెంచ్‌తో సర్వీస్ మాన్యువల్లో ఉన్న లెక్కకి బిగించమనండి. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి. స్టీరింగ్ వంకరగా నిలిస్తే డ్రాగ్ లింక్ దగ్గరే సరిచేయించండి, స్టీరింగ్ వీల్ ఊడదీసి వంకర సరిచేసి పెట్టే షాపులుంటాయి, ఒప్పుకోకండి, బండి జారకుండా చూసే ఇఎస్పీ సెన్సరుకి నేరు ఏదో తెలియకుండా పోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్పులు ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. మీరు పాత స్ప్రింగులు దాచి ఉంటే వాటిని తిరిగి వేయించుకోవడం కూడా ఒక పరిష్కారమే, అందులో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: కె.ఆర్.పురంలో ఉంటాను అండీ. మా స్విఫ్ట్‌కి మా తమ్ముడు ముచ్చటపడి పొట్టి స్ప్రింగులు వేయించాడు, కారు బాగా కిందికి దిగింది. రింగ్ రోడ్డు మీద గీతల వెంట లాక్కుపోతోంది, చిన్న గతుకుకే ఎగురుతోంది. ముందు టైర్లు లోపలి అంచు మూడు వేల కిలోమీటర్లకే నున్నగా అయిపోయాయి. స్టీరింగ్ తిప్పుతుంటే ముందు ఎడమ పక్క టంగ్‌మని శబ్దం.

జవాబు: లోపలి అంచు అంత త్వరగా పోయిందంటే ముఖ్యంగా టో తప్పిందమ్మా. ఎత్తు తగ్గితే, ముందునుంచి చూసినప్పుడు చక్రం వాలి ఉండే కోణమైన క్యాంబర్‌తోపాటు టో కూడా మారుతుంది, క్యాంబర్ ఒక్కటే టైరుని ఇంత తొందరగా తినదు. టో తప్పితే కారు ఇలా గీతల వెంట పోవచ్చు. అలైన్‌మెంట్ ఇవాళే చేయించండి. ఎగరడానికి కారణం వేరు. షాక్‌లు పాతవే ఉంచారా అని అడగండి. పొట్టి స్ప్రింగుతో పాత షాక్ పెడితే లోపలి రాడ్డుకి కదిలే చోటు కొంచెమే మిగులుతుంది, రబ్బరు స్టాపర్ మీద కూర్చుని నడుస్తుంది, మలుపులో అలా కూర్చుంటే ఒక్కసారిగా బిగుసుకుపోయి కారు జారుతుంది. ఆ టంగ్‌మనే శబ్దానికి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మీరు వీల్ ఆర్చ్ లోంచి టార్చి వేసి స్ప్రింగుని చూడండి, చెయ్యి మాత్రం లోపల పెట్టొద్దు. స్ప్రింగు తిరక్కుండా బిగుసుకుని ఒక్కసారిగా దుమికితే దాని కొస గూట్లో కూర్చోలేదు, లేదా పైన బేరింగు పోయింది. మెకానిక్ స్ప్రింగు కంప్రెసర్ లేకుండా విప్పబోతే వద్దని చెప్పేయండి, స్ప్రింగు విడివడితే మనిషి ప్రాణం తీస్తుంది. నన్నడిగితే బెంగళూరు స్పీడ్ బ్రేకర్లకి పాత స్ప్రింగులే మంచివి. మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మాది మదనపల్లె, యలహంకలో ఉంటూ డిజైర్ ట్యాక్సీ నడుపుతాను. లగేజీతో వెనక కుంగుతోందని వెనక స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు పెట్టించాను. వానలో ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఖాళీగా తిరిగొస్తుంటే మలుపులో వెనక భాగం జారింది సార్.

జవాబు: బఫర్ పెట్టడమంటే స్ప్రింగులో ఒక చుట్టు పని చేయకుండా ఆపడమే తమ్ముడూ, స్ప్రింగు అంత గట్టిపడుతుంది. వెనక ఒక్కటే గట్టిపడితే తడి రోడ్డు మీద మలుపులో వెనక చక్రాలే ముందు పట్టు వదులుతాయి, బండి ఖాళీగా ఉంటే మరీ. తీసేయండి. బఫర్ ఉన్నచోట చుట్టు మీద పెయింటు లేచి తుప్పు పట్టిందేమో, పగులు కనిపిస్తోందేమో చూడండి. కుంగడం నిజమైతే వెనక స్ప్రింగులు కంపెనీవే కొత్తవి, రెండు పక్కలా ఒకేసారి వేయించండి, వాటితోపాటు వెనక టైర్ల మీది గాడులు కూడా చూసుకోండి, అరిగిన టైరుంటే వానాకాలం ముందే మార్చేయండి.