వాట్సాప్‌లో అమ్మే ‘మూలికా’ స్లిమ్మింగ్ క్యాప్సూల్స్ వాడొచ్చా?

పెళ్ళికి ఇంకా మూడు నెలలే ఉందని, ఈ క్యాప్సూల్స్ వేసుకున్న మీ ఫ్రెండ్‌కి వారం తిరక్కుండానే ఆకలి చచ్చిపోయిందని రాశారు. వద్దండీ. ఆ వారం మాటే నన్ను భయపెడుతోంది. త్రిఫల చూర్ణమో, కరక్కాయో అంత తొందరగా ఆకలిని చంపేయవు. అంత గట్టిగా పనిచేస్తోందంటే, చెప్పకుండా ఏదో అల్లోపతీ మందు కలిపారని అనుమానించాల్సిందే.

మా వదిన ఇలాంటివే తెప్పించుకుంది. నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేసుకునేది. నోరు పిడచకట్టుకుపోయేది, తెల్లవార్లూ నిద్ర ఉండేది కాదు. ఒకరోజు మెట్లెక్కుతూ గుండె దడదడలాడుతోందని మధ్యలోనే కూలబడిపోయింది. ఆస్పత్రిలో చూస్తే బీపీ 170/110. అంతకుముందు బీపీ అన్నదే లేదు ఆమెకు. మందులేమైనా వాడుతున్నావా అమ్మా అని డాక్టరుగారు అడిగితే, “లేదండీ, ఆయుర్వేదమే” అంది. డబ్బా తెప్పించి చూశారు. ఆకుల బొమ్మ పెద్దగా ఉంది. బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, కంపెనీ అడ్రసు మాత్రం లేవు. లక్షణాలను బట్టి ఆకలిని తగ్గించే సిబుట్రమైన్ అనే మందు కలిపి ఉండొచ్చన్నారు.

అది ఒకప్పుడు డాక్టర్లే రాసిన మందు. గుండెజబ్బో, షుగరో ఉన్న దాదాపు పదివేల మందిపై చేసిన పరీక్షలో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలింది. దాంతో 2010లో యూరప్, అమెరికాల్లో ఆపేశారు, 2011లో మన దేశంలో నిషేధించారు. అయినా మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో ఇప్పటికీ బయటపడుతూనే ఉంది. ఒక్కో క్యాప్సూల్‌లో ఎంత వేశారో కొనేవాళ్ళకు తెలిసే దారి లేదు. డిప్రెషన్‌కి మందులు వాడేవాళ్ళకైతే ఇది మరీ ప్రమాదం.

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ లాంటి మందుల ఇంజెక్షన్ పెన్నులు కొరియర్‌లో పంపుతామన్నా తీసుకోకండి. సెమాగ్లుటైడ్ పెన్ను మొదలుపెట్టే దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పైగా డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మీకు నిజంగా బరువు ఇబ్బందిగా ఉంటే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి, థైరాయిడ్ కూడా చూస్తారు.

మీ ఫ్రెండ్‌ని మాత్రం ఇవాళే ఆపేసి బీపీ చూపించుకోమనండి. డబ్బా పారేయకుండా డాక్టరుకు చూపించాలి. ఛాతీలో నొప్పి గానీ, ఆయాసం గానీ ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మందుల దుష్ప్రభావాలు చెప్పుకోవడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది.