పటిక వేసినా మడ్డి దిగడం లేదు

ప్రశ్న: కోనసీమలో కాలువ గట్టున మా ఇల్లు. గోదావరికి ఎర్రనీరు రాగానే బిందెలో పటిక తిప్పుతున్నాను. ఒకరోజు నీళ్లు వగరుగా ఉంటాయి, ఇంకోరోజు మడ్డి దిగదు. ఎంత వేయాలి?

జవాబు: తేడా అంతా కొలతలోనే ఉందమ్మా. ముక్క చేత్తో తిప్పితే ఎంత కరిగిందో తెలియదు. 10 గ్రాముల పటిక దంచి, లీటరు నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకోండి. 20 లీటర్లకి అందులోంచి 50 మిల్లీలీటర్లు చాలు. మరీ ఎర్రగా ఉంటే 100 దాకా పోయొచ్చు. పోయగానే నిమిషంపాటు జోరుగా కలపండి. తర్వాత ఐదు నిమిషాలు గరిటె మెల్లగా తిప్పాలి. మట్టి దూదిపింజల్లా కూడుకోవడం కంటికి కనిపిస్తుంది. చాలా ఇళ్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది: చివరిదాకా జోరుగా కలిపితే ఆ పింజలు చెదిరి నీళ్లలోనే తేలుతుంటాయి. రెండు గంటలు బిందె కదపకండి. పైతేట గుడ్డలో వడకట్టి, అడుగు నీళ్లు పారబోయండి.

తేటపడ్డాయని వెంటనే తాగొద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. పటిక వేసినంత మాత్రాన క్రిములన్నీ పోవు. బాగా మరిగించండి, లేదా 20 లీటర్లకి సరిపడే అర గ్రాము క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. మడ్డినీళ్లలో ముందే వేస్తే బిళ్ల బలమంతా మట్టికే పోతుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక వాడే ఉప్పు బోరునీళ్లకి మాత్రం ఇది పనికిరాదు. పటికతో ఉప్పు పోదు.